ముప్పై ఆరేళ్ల నడక... మూడేళ్ల కుర్చీ

నంద్యాలలో తెల్లవారుజామున ఐదున్నరకే టీ బళ్ల దగ్గర సందడి మొదలవుతుంది. ఒక చేతిలో పేపరు గ్లాసు, ఇంకో చేతిలో ఆప్టిట్యూడ్ పుస్తకం. ఎవరి నోట విన్నా పదిహేడో ఎక్కం, పర్సంటేజీలు, పజిల్స్. బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు పెట్టింది పేరు ఈ ఊరు. ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వచ్చి, ఇరుకు గదుల్లో ముగ్గురూ నలుగురూ సర్దుకుని, ఏడాదో రెండేళ్లో గడిపి వెళ్తుంటారు. మెయిన్స్ గట్టెక్కినవాళ్లకు మాక్ ఇంటర్వ్యూలు ఉంటాయి. బల్లకు అటువైపు రిటైరైన బ్యాంకు అధికారి. ఇటువైపు ఇస్త్రీ నలగని చుడీదార్‌లో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని అమ్మాయి.

‘ఎస్‌బీఐ చైర్మన్ ఎవరమ్మా?’

‘చల్లా శ్రీనివాసులు శెట్టి గారు, సార్.’

‘ఎక్కడివారు?’

అంతసేపూ బిగుసుకుపోయిన ముఖం కాస్త విచ్చుకుంటుంది. ‘గద్వాల జిల్లా సార్. మాది కర్నూలు. తుంగభద్ర దాటితే వాళ్ల జిల్లాయే.’

‘బ్యాంకులో ఎప్పుడు చేరారు?’

‘ఎనభై ఎనిమిదిలో సార్. పీవోగానే.’

ఆ ‘పీవోగానే’ అనడంలో ఉంది అసలు సంగతి. ఏ పరీక్ష కోసం తను ఇక్కడ కూర్చుందో, ఆ మెట్టు మీదే కాలు పెట్టినవాడు పై అంతస్తుకు చేరాడు. కలెక్టరు కొడుకో, పారిశ్రామికవేత్త అల్లుడో కానక్కర్లేదు. దేశంలో అతి పెద్ద బ్యాంకుకు చైర్మన్ కావడానికి ప్రొబెషనరీ ఆఫీసర్ ఉద్యోగం చాలు. దానితోపాటు మూడున్నర దశాబ్దాల ఓపిక కూడా కావాలనుకోండి.

ఈ నిచ్చెన మీద ఇప్పుడు చర్చ నడుస్తోంది. ఎస్‌బీఐలో నాలుగు మేనేజింగ్ డైరెక్టర్ పదవులున్నాయి. వాటిలో ఒకదానికి ప్రైవేటు రంగంవారు కూడా పోటీ పడవచ్చని 2025 అక్టోబరులో కేంద్రం కొత్త మార్గదర్శకాలిచ్చింది. చైర్మన్‌ను మామూలుగా ఎండీల్లోంచే ఎంపిక చేస్తారు కాబట్టి, ఈ తలుపు తీస్తే చైర్మన్ గదికీ దారి దొరికినట్టే. యూనియన్లు వద్దంటున్నాయి. కొత్త రక్తం కావాలని ఇంకొందరంటున్నారు. ఇంతకీ లోపలి దారిలో నడిచి వచ్చినవాడికి ఏం వస్తుంది, ఏం పోతుంది?

నడిగడ్డ నుంచి నారిమన్ పాయింట్‌కు

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నేలను నడిగడ్డ అంటారు. జోగులాంబ గద్వాల జిల్లా మానవపాడు మండలంలోని పెద్దపోతులపాడు ఆ నడిగడ్డ పల్లె. శ్రీనివాసులు శెట్టి స్వగ్రామం అదే. చదివింది బీఎస్సీ అగ్రికల్చర్. 1988లో స్టేట్ బ్యాంకులో చేరారు.

ఆనాటి బ్యాంకు ఎలా ఉండేదో నేటి కుర్రకారుకు చెబితే నమ్మరు. మోయలేనంత బరువైన లెడ్జర్లు. డబ్బు తీసుకోవడానికి ఇత్తడి టోకెన్. నంబరు పిలిచేదాకా బల్ల మీద కూర్చుని గోడ గడియారం చూస్తూ ఉండాలి. సాయంత్రం పుస్తకాలు టాలీ కావాలి. పది పైసలు తేడా వచ్చినా ఇంటికి కదలడానికి లేదు. ఆ పది పైసలను చేతి నుంచి వేస్తే సరిపోతుంది కదా అంటే కుదరదు, తప్పు ఎక్కడ జరిగిందో దొరకాలి. కొత్తగా చేరిన పీవోకు మొదటి పాఠం అదే.

తర్వాతి మజిలీల్లో కొన్ని: ఇండోర్‌లో కమర్షియల్ బ్రాంచి డీజీఎం, న్యూయార్క్ బ్రాంచిలో సిండికేషన్స్ విభాగాధిపతి, ముంబయిలో పెద్ద కంపెనీల ఖాతాలు చూసే కార్పొరేట్ అకౌంట్స్ గ్రూపు. 2020 జనవరిలో ఎండీ. 2024 జూన్‌లో ఆర్థిక సేవల సంస్థల బ్యూరో ఆయన పేరును సిఫారసు చేసింది. ఆగస్టు 28న, అంటే అప్పటి చైర్మన్ దినేశ్ ఖరా 63 ఏళ్లు నిండి దిగిపోయిన రోజున, మూడేళ్ల పదవీకాలానికి చైర్మన్ అయ్యారు. 22 వేలకు పైగా బ్రాంచీలు, 2.3 లక్షలకు పైగా సిబ్బంది, దాదాపు 50 కోట్ల మంది ఖాతాదారులు. ఇంత పెద్ద సంసారం చేతికొచ్చేటప్పటికి సర్వీసు 36 ఏళ్లు.

> పీవో పైన పది మెట్లు
> స్కేల్-1 ఆఫీసర్ తర్వాత డిప్యూటీ మేనేజర్, మేనేజర్, చీఫ్ మేనేజర్, ఏజీఎం, డీజీఎం, జీఎం, సీజీఎం, డీఎండీ, ఎండీ, ఆపైన చైర్మన్. పల్లెటూరి బ్రాంచిలో పనిచేయకుండా పై మెట్లు ఎక్కడం కష్టం. ప్రతి ప్రమోషన్‌తోపాటు ట్రాన్స్‌ఫర్ ఉత్తర్వు కూడా చేతిలో పెడతారు. 2025 నోటిఫికేషన్‌లో ఎస్‌బీఐ భర్తీకి పెట్టిన పీవో పోస్టులు 541.

మొదట్లో అందరూ బయటివారే

లోపలివాడే చైర్మన్ కావాలన్నది అనాదిగా వస్తున్న ఆచారమేమీ కాదు. 1955 జులై 1న ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకుగా మారినప్పుడు మొదటి చైర్మన్ జాన్ మథాయ్. అంతకుముందు కేంద్ర ఆర్థికమంత్రిగా చేసినవాడు. ఆ తర్వాత వచ్చిన హెచ్.వి.ఆర్. అయ్యంగార్ ఐసీఎస్ అధికారి. 1962 నుంచి 1965 దాకా ఉన్న బి. వెంకటప్పయ్య కూడా ఐసీఎస్సే.

వెంకటప్పయ్య కథలో ఓ తమాషా ఉంది. పల్లెల్లో రైతుకు అప్పు ఎవరిస్తున్నారో తేల్చడానికి గోర్వాలా అధ్యక్షతన వేసిన గ్రామీణ పరపతి సర్వే సంఘంలో ఆయనొక సభ్యుడు. ఇంపీరియల్ బ్యాంకును ప్రభుత్వం తీసుకుని, పల్లెలకు చేరువయ్యే స్టేట్ బ్యాంకును పెట్టాలని, అయిదేళ్లలో 400 బ్రాంచీలు తెరవాలని 1954లో సిఫారసు చేసింది ఆ సంఘమే. ఎనిమిదేళ్లకు అదే బ్యాంకు పగ్గాలు ఆయన చేతికి వచ్చాయి. కాగితం మీద ఊహించిన ఇంటికి తనే యజమాని కావడం ఎందరికి దక్కుతుంది!

1969లో వచ్చినవాడు మాత్రం అచ్చంగా లోపలి మనిషి.

సంజయ్‌ని కలవనన్న చైర్మన్

రాజ్‌కుమార్ తల్వార్ 1943లో ఇంపీరియల్ బ్యాంకులో చేరారు. 1969 మార్చిలో స్టేట్ బ్యాంకు చైర్మన్ అయ్యేనాటికి 47 ఏళ్లు కూడా నిండలేదు. చిన్న పరిశ్రమ పెట్టాలనుకునే ఇంజినీరుకు ఆస్తి హామీ అడగకుండా అప్పివ్వడం వంటి పనులు ఆయన హయాం నాటికే స్టేట్ బ్యాంకులో మొదలయ్యాయి. పుదుచ్చేరి అరవిందాశ్రమం మాత భక్తుడు. మెత్తగా మాట్లాడేవాడని పేరు. ఆ మెత్తని మనిషికి ఎమర్జెన్సీ ఎదురైంది.

జరిగిందేమిటో ఆయన దగ్గర పనిచేసి, తర్వాత బ్యాంక్ ఆఫ్ ఇండియాకూ ఐసీఐసీఐకీ అధిపతి అయిన నారాయణన్ వాఘుల్ రాసిపెట్టారు. ఓ సిమెంటు కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది. ఆదుకోవడానికి స్టేట్ బ్యాంకు ఓ ప్యాకేజీ తయారుచేసింది. షరతు ఒక్కటే: సంస్థను ముంచిన యజమాని పక్కకు తప్పుకోవాలి, వృత్తి నిపుణులు నడపాలి. ఆ యజమానికి ప్రధాని కొడుకు సంజయ్ గాంధీతో స్నేహం. కబురు అక్కడి నుంచి ఆర్థికమంత్రికి, ఆర్థికమంత్రి నుంచి చైర్మన్‌కు దిగివచ్చింది. షరతు ఎత్తేయండి.

తల్వార్ వెంటనే కాదనలేదు. ఫైలు చూసిన కింది అధికారులను పిలిచి అడిగారు. షరతు లేకపోతే డబ్బు తిరిగిరాదని వాళ్లన్నారు. అప్పుడు మంత్రికి కుదరదని చెప్పారు. మంత్రి ఢిల్లీకి పిలిపించినా అదే జవాబు. ఇక సంజయ్ గాంధీయే స్వయంగా కలవమన్నారు. ఆ యువకుడికి ప్రభుత్వంలో ఏ పదవీ లేదు, తాను జవాబు చెప్పుకోవాల్సింది ఆర్థికమంత్రికే అని తల్వార్ వెళ్లలేదు.

ఎమర్జెన్సీ రోజుల్లో ఆ గుమ్మం ముందు ముఖ్యమంత్రులే బారులు తీరిన సంగతి తలుచుకుంటే ఈ ‘వెళ్లలేదు’ ఎంత పెద్ద మాటో తెలుస్తుంది.

వేరే పదవి ఇస్తాం, ఇది వదిలేయమన్నారు. రెండూ చూసుకుంటానన్నారు తల్వార్. రాజీనామా అడిగితే ఇవ్వనన్నారు. సీబీఐ చేత వెతికించినా ఏమీ దొరకలేదు. తీసేద్దామంటే స్టేట్ బ్యాంకు చట్టం అడ్డొచ్చింది, కారణం చూపకుండా చైర్మన్‌ను తొలగించడానికి అందులో వీల్లేదు. దాంతో 1976లో చట్టాన్నే సవరించారు. మూడు నెలల నోటీసో, దానికి బదులు జీతమో ఇచ్చి పంపించేయవచ్చు. బ్యాంకు వర్గాల్లో దాన్ని ‘తల్వార్ సవరణ’ అనే పిలుస్తారు. ఒక మనిషి పట్టుదల చట్టంలో ఓ క్లాజుగా మిగలడం విచిత్రమే. చివరికి ఆగస్టు 4న ఆయనను సెలవు మీద పంపారు. తర్వాత పుదుచ్చేరిలో స్థిరపడి, 2002లో కన్నుమూశారు.

పదోన్నతుల దారంతా పైవాడికి ‘సరే సార్’ అనడం నేర్పిస్తుంది. ఇంటర్వ్యూ బోర్డులు, వార్షిక నివేదికలు, పోస్టింగులు, అన్నీ అదే మప్పుతాయి. తీరా పై కుర్చీకి చేరాక ‘కాదు సార్’ అనాల్సిన రోజు ఒకటి వస్తుంది. లోపలివాడా బయటివాడా అన్న చర్చలో ఈ ముక్క ఎవరూ ఎత్తడం లేదు. తల్వార్ లోపలివాడే. కాబట్టి లోపలి దారి వెన్నెముకను అరగదీస్తుందని తీర్మానించలేం. కానీ తల్వార్ లాంటివాళ్లు వరసగా పది మంది పేర్లు చెప్పమంటే తడుముకోవాల్సి వస్తుంది.

2024 మార్చినే చూడండి. ఎన్నికల బాండ్ల పథకాన్ని కొట్టేసిన సుప్రీంకోర్టు వివరాలు ఇవ్వమంటే, ఎస్‌బీఐ జూన్ 30 దాకా గడువు అడిగింది. ఈలోగా లోక్‌సభ ఎన్నికలు అయిపోతాయి కదా అని విమర్శలు చెలరేగాయి. కోర్టు మార్చి 11న ఆ వినతిని తోసిపుచ్చి, మర్నాటికల్లా ఇవ్వమంది. నెలలు పడుతుందన్న పని ఒక్క రోజులో అయింది. ఆ తర్వాత బాండ్ల నంబర్లతో సహా ఏదీ దాచలేదని చైర్మనే అఫిడవిట్ వేయాల్సి వచ్చింది.

> జీతమెంత?
> 2022-23లో ఎస్‌బీఐ చైర్మన్ దినేశ్ ఖరా అందుకున్నది ఏడాదికి రూ.37 లక్షలు. అదే ఏడాది హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు అధిపతి శశిధర్ జగదీశన్‌కు ముట్టింది రూ.10.55 కోట్లు. దాదాపు 28 రెట్లు. ముంబయిలో చైర్మన్‌కు ఇచ్చే బంగళాను కలిపి చూడమని కొందరంటారు. కలిపినా పొంతన కుదరదు. ప్రైవేటు రంగం నుంచి ఎండీలను పిలిచేటప్పుడు ముందుగా ఎదురయ్యే చిక్కు ఇదే.

లక్నోలో దొరకని బడి

అరుంధతీ భట్టాచార్య చదివింది ఇంగ్లిష్ సాహిత్యం. 1977లో పీవోగా చేరారు. భర్త ఖరగ్‌పూర్ ఐఐటీలో ప్రొఫెసర్. ఒకరి ఉద్యోగం కదలదు, ఇంకొకరిది కదలకుండా ఉండదు. బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో ఇది కొత్తేం కాదు. పిల్లాడు రెండో తరగతి ఒక ఊళ్లో, నాలుగో తరగతి మరో ఊళ్లో, మధ్యలో తెలుగు పోయి హిందీ వచ్చి పడుతుంది. పెద్దవాళ్లను చూసుకోవడానికి ఒకరు ఊళ్లో ఉండిపోతారు. ప్రమోషన్ పరీక్ష రాయకుండా ఉన్నచోటే స్థిరపడిపోయే ఆడవాళ్లు ప్రతి బ్రాంచిలోనూ కనిపిస్తారు. రాస్తే వస్తుంది. వస్తే వెళ్లాలి.

లక్నోకు బదిలీ అయినప్పుడు కూతురికి సరైన బడిలో సీటు దొరక్క రాజీనామా దాకా వెళ్లానని అరుంధతి ఇంటర్వ్యూల్లో చెప్పారు. తొందరపడవద్దని ఓ పై అధికారి ఆపారు. ఆగారు. 2013 అక్టోబరు 7న ఎస్‌బీఐకి తొలి మహిళా చైర్మన్ అయ్యారు. పిల్లల కోసమో, మంచం పట్టిన పెద్దల కోసమో మహిళా ఉద్యోగులు రెండేళ్ల దాకా సెలవు పెట్టి మళ్లీ ఉద్యోగంలోకి రావచ్చన్న వెసులుబాటు ఆమె తెచ్చిందే. సొంతంగా పడ్డ ఇబ్బంది నుంచి పుట్టిన నిబంధన అది. కన్సల్టెంట్ల పవర్‌పాయింట్‌లో అలాంటివి తట్టవు.

అదే అరుంధతి సంతకంతో 2017 ఏప్రిల్ 1న మన ఎస్‌బీహెచ్ (స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్) ఎస్‌బీఐలో కలిసి మాయమైంది. నిజాం కాలంలో 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకుగా మొదలై, ఉస్మానియా సిక్కా నాణేన్ని చూసిన బ్యాంకు అది. గన్‌ఫౌండ్రీ ప్రధాన కార్యాలయం మీద బోర్డు మారింది. యూనియన్లు ఎంత వ్యతిరేకించినా ఆగలేదు. ‘మా ఎస్‌బీహెచ్’ అని ఇప్పటికీ నోరు జారే పెన్షనర్లు తెలంగాణలో ఊరూరా ఉన్నారు.

సరిగ్గా అదే నెల పొదుపు ఖాతాల్లో కనీస నిల్వ నిబంధన మళ్లీ వచ్చింది. నిల్వ తగ్గితే కోత. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఈ కోతల కిందే బ్యాంకు రూ.1,771 కోట్లు రాబట్టిందని లెక్క బయటికొచ్చాక గగ్గోలు పుట్టింది. గ్యాస్ సబ్సిడీ పడగానే సగం మాయమైందని కౌంటర్ల ముందు కొట్లాటలయ్యాయి. తిట్లు తిన్నది మాత్రం ముంబయిలో సంతకం పెట్టినవాళ్లు కాదు, కౌంటర్లో కూర్చున్న గుమాస్తా. మరో చైర్మన్ వచ్చి 2020 మార్చిలో దాన్ని ఎత్తేశారు.

ఒకరు నాటితే, మరొకరు కోస్తే

చైర్మన్ కెరీర్‌ను అంకెల్లో కొలవబోతే ఒక చిక్కు ఉంది. ఫలితం చాలాసార్లు తర్వాతివాడి ఖాతాలో పడుతుంది. పాపం కూడా.

2008కి అటూఇటూగా ఉక్కు, విద్యుత్తు, రోడ్ల కంపెనీలకు ఎడాపెడా ఇచ్చిన అప్పులు పదేళ్లకు రాళ్లై కూర్చున్నాయి. 2018 మార్చి నాటికి ఎస్‌బీఐ మొండి బకాయిలు 10.91 శాతం. వంద రూపాయలు అప్పిస్తే దాదాపు పదకొండు రూపాయలు మొండికేశాయన్నమాట. ఆ ఏడాది బ్యాంకు రూ.6,547 కోట్ల నష్టం చూపింది. అప్పులిచ్చినవాళ్లు అప్పటికే రిటైరై మనవళ్లతో ఆడుకుంటున్నారు. మాట పడింది 1980 బ్యాచ్ పీవో, అప్పటి చైర్మన్ రజనీశ్ కుమార్.

ఆ మురికిని కడిగే విభాగానికి డీఎండీగా పనిచేసినవారే నేటి చైర్మన్ శెట్టి. 2016లో దివాలా చట్టం వచ్చింది. అప్పటిదాకా బ్యాంకులు ఎగవేతదారు గుమ్మం చుట్టూ తిరిగేవి. ఈ చట్టంతో యజమాని చేతిలోంచి కంపెనీయే జారిపోతుందన్న భయం మొదటిసారి పుట్టింది. భూషణ్ స్టీల్ టాటాల చేతికి వెళ్లింది. ఎస్సార్ స్టీల్ 2019లో రూ.42 వేల కోట్లకు ఆర్సెలర్ మిట్టల్ పరమైంది. 2025 మార్చి నాటికి ఎస్‌బీఐ మొండి బకాయిలు 1.82 శాతానికి దిగాయి. ఏడాది లాభం రూ.70,901 కోట్లు. ఇదంతా వసూళ్ల మహిమే అనుకుంటే మాత్రం పొరపాటు. రాదని తేలిన అప్పును లెక్కల్లోంచి కొట్టేసినా శాతం తగ్గుతుంది. అలా కొట్టేసింది తక్కువేమీ కాదు.

యస్ బ్యాంకు ముచ్చట ఇంకా బాగుంటుంది. 2020 మార్చిలో అది మునిగిపోతుంటే, ఖాతాదారులు ఏటీఎంల ముందు అర్ధరాత్రి దాకా నిలబడ్డారు. పదవీ విరమణకు నెలల దూరంలో ఉన్న రజనీశ్ కుమార్ మీద పడింది ఆ భారం. స్టేట్ బ్యాంకు రూ.6 వేల కోట్లకు పైగా పెట్టి షేరు పది రూపాయల లెక్కన కొంది. మన డిపాజిట్లతో మునిగే పడవను కొంటున్నారని తిట్టనివాడు లేడు. 2025లో అందులో 13.19 శాతం వాటాను జపాన్‌కు చెందిన సుమితొమొ మిత్సుయి బ్యాంకుకు షేరు రూ.21.50 చొప్పున ఎస్‌బీఐ అమ్మింది. రూ.8,889 కోట్లు చేతికొచ్చాయి. అప్పటికి చైర్మన్ శెట్టి. కొన్న రోజున తిట్లు తిన్నవారు రిటైరై అయిదేళ్లు.

> బందరులో లక్ష రూపాయలతో...
> డాక్టర్ భోగరాజు పట్టాభిసీతారామయ్య మచిలీపట్నంలో 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. వైద్యం వదిలి స్వాతంత్ర్యోద్యమంలోకి దూకిన పట్టాభి 1948లో కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు.

రిటైరైనా వదలని సంతకం

దిగిపోయాక దారులు రకరకాలు. అరుంధతి అమెరికా సాఫ్ట్‌వేర్ సంస్థ సేల్స్‌ఫోర్స్‌కు భారత అధిపతి అయ్యారు. రజనీశ్ కుమార్ తన బ్యాంకు అనుభవాలను పుస్తకంగా రాశారు.

ప్రతీప్ చౌదరికి ఎదురైంది వేరు. 2013 సెప్టెంబరులో చైర్మన్‌గా రిటైరైన ఆయనను ఎనిమిదేళ్ల తర్వాత, 2021 అక్టోబరు 31న, రాజస్థాన్ పోలీసులు ఢిల్లీ ఇంటి నుంచి అరెస్టు చేసి తీసుకెళ్లారు. జైసల్మేర్‌లోని ఓ హోటల్ ప్రాజెక్టు అప్పును ఆస్తుల పునర్నిర్మాణ సంస్థకు అమ్మిన వ్యవహారం అది. ఆ అమ్మకం జరిగింది 2014 మార్చిలో అనీ, అప్పటికి ఆయన పదవిలో లేరనీ, పద్ధతి ప్రకారమే జరిగిందనీ బ్యాంకు ప్రకటన ఇచ్చింది. కొన్నాళ్లకు బెయిలొచ్చింది. కానీ ఆ వారం దేశంలోని బ్యాంకు అధికారులందరి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట నడిచింది: ఇక పెద్ద అప్పు ఫైలు మీద ఎవడు సంతకం పెడతాడు?

ఇవేవీ నంద్యాల మాక్ ఇంటర్వ్యూ దాకా రావు. అక్కడ ప్రశ్నలు వేరు. రెపో రేటు ఎంత, ఎన్‌పీఏ అంటే ఏమిటి, ఈ ఉద్యోగమే ఎందుకు. కర్నూలు అమ్మాయి అన్నిటికీ గడగడా చెప్పేసింది. ఆఖర్న ఆ పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

‘సరేగానీ, అస్సాంలో వేస్తే వెళ్తావా?’

‘వెళ్తాను సార్.’

‘ఇంట్లో అడిగావా?’

అమ్మాయి ఓ క్షణం ఆగింది. ‘నాన్నకు చెప్పాను సార్. అమ్మకింకా చెప్పలేదు.’